మా ఇంటి నీళ్ళు సికింద్రాబాద్ వెళ్ళిన రోజు

నేను ఊరు చూడటానికి వెళ్ళలేదు. ఒక సీసాడు నీళ్ళు పట్టుకుని వెళ్ళాను. ఇదేం ప్రయాణం అని మీరు అనుకోవచ్చు. కానీ మా వైపు ఆడవాళ్ళు అంగన్‌వాడీ దగ్గర కనపడినా, జాకెట్టు కొలత ఇవ్వడానికి వచ్చినా, "ఎట్ల పోయినవ్ సుజాతా, ఎంతయింది, ఎవల్ని కలిసినవ్" అని అడుగుతూనే ఉన్నారు. అడిగిన ప్రతిసారీ మొదటినుంచి చెప్పాలంటే గొంతు పట్టేస్తుంది. అందుకని ఒక్కసారి రాసి పెడుతున్నాను. నేను చదివింది ఐదో తరగతి. నోటుబుక్కులో రాసిస్తే మా చెల్లెలు కంప్యూటర్‌లో కొట్టి తన బ్లాగులో పెడుతోంది. మాటలు మార్చవద్దని తనకు ముందే చెప్పాను.

మా ఊరు జనగామకు ఆటోలో అరగంట. నేను జాకెట్లు కుడతాను, మా ఆయనది రైసుమిల్లులో పని. మాకు ఒక్కతే కూతురు, శిరీష, నాలుగో తరగతి. పోయిన వానాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకుని, మూడో రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోతుంటే దారిలోనే, నా ఒళ్ళోనే పోయింది. జబ్బు పడే ముందు రోజు దానికి నేను బండి దగ్గర ఆరెంజి ఐసు కొనిచ్చాను. నాలుక రంగు చూపిస్తూ వీధంతా తిరిగింది. పదకొండో రోజున మా అత్తమ్మ పొయ్యి దగ్గర కూర్చుని, నా వైపు చూడకుండా, "గా ఐసు కొనియ్యకపోతె బతికుండు గద పోరి" అంది. అత్తమ్మ చెడ్డ మనిషి కాదు. ఏడ్చి ఏడ్చి అలసిపోయి అన్న మాట. కానీ ఆ మాట మా ఇంట్లోనే ఉండిపోయింది, మూలన పెట్టిన రోకలిలా. మా ఆయన అవుననలేదు, కాదనలేదు. ఐసుబండి గంట వినపడితే నేను ఇప్పటికీ మిషన్ తొక్కడం ఆపేస్తాను.

నాకేమో మనసులో నీళ్ళ మీద అనుమానం. మా వీధి నల్లా పైపు మురికికాలువ వెంటే వస్తుంది. నీళ్ళు మొదట వచ్చేటప్పుడు ఒక వాసన. కానీ ఆ అనుమానం ఎవరికి చెప్పినా ఒకటే జవాబు. శిరీషకు జబ్బు చేయకముందు వీధిలో ఇద్దరు పిల్లలకు విరేచనాలైతే, పంచాయతీ నుంచి ఒకాయన పరీక్షకని సీసా తెచ్చి మా ఇంటి నీళ్ళే పట్టుకుపోయాడు. నీళ్ళు మంచివేనని కాగితం వచ్చింది. కాగితం నీళ్ళు మంచివంటే ఇక మిగిలింది ఐసే కదా. అది కొనిచ్చిన చెయ్యే కదా.

అలా ఏడు నెలలు గడిచాక మా అంగన్‌వాడీ టీచరు ఒక రోజు అంది, సికింద్రాబాద్‌లో పద్మారావు నగర్ వెనక ఒక బస్తీలో ఆడవాళ్ళే చిన్న చిన్న సీసాల్లో నీళ్ళు పరీక్ష చేసుకుంటున్నారని. అందులో మందు ఉంటుందట. నీళ్ళలో మురికి కలిస్తే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లగా మారుతుందట. ఆవిడ దగ్గర ఫోన్ నంబరు తీసుకుని చేశాను. అవతల భారతక్క అనే ఆమె ఎత్తి, "ఎల్లుండి మాకు నీళ్ళొచ్చే రోజు, పదకొండు కొట్టేవరకు రా చెల్లె. మీ నీళ్ళు సుత తీస్కరా" అంది. అంతే.

వెళ్ళాలనుకునే వాళ్ళకు చెబుతున్నాను, జనగామలో పొద్దున ఆరున్నర ప్యాసింజరు మేలు. టికెట్టు పదహారు రూపాయలు, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. చలికాలం వెనకపట్టు, బయట ఇంకా మంచు. సీసాను శిరీష మఫ్లర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. రైలు కదిలితే నీళ్ళు కూడా మెల్లగా కదులుతున్నాయి. మఫ్లరు మీద చెయ్యి పెట్టుకుంటే ఆ కదలిక అరచేతికి తెలుస్తోంది. పెంబర్తి, ఆలేరు దాటేదాకా నేను ఎక్కడికి పోతున్నానో మరచిపోయాను. శిరీషకు సికింద్రాబాద్ చూపిస్తానని రెండేళ్ళుగా అంటున్నాను. చూపించడానికే తీసుకుపోతున్నట్టు, అది నిద్రపోయినట్టు, నిద్ర చెడకుండా నేను కదలకుండా కూర్చున్నట్టు ఉంది. భువనగిరి గుట్ట మంచులోంచి బయటికి వచ్చింది. ఒకసారి పెళ్ళికి పోతున్నప్పుడు దాన్ని చూసి, "ఎవలో అన్నం గిన్నె బోర్లిచ్చిన్రు అమ్మా" అంది శిరీష. ఇప్పుడు చూసినా గిన్నెలాగే ఉంది. అంచుల చుట్టూ ఆవిరి కూడా ఉంది.

బీబీనగర్‌లో ఒక ముసలమ్మ పల్లీల గంప పట్టుకుని ఎక్కింది. నా ఒళ్ళోని సీసా మూత చూసి, "బిడ్డా, జెర దూపైతుంది, గుక్కెడు నీళ్ళియ్యి" అంది. నేను ఇవ్వలేదు. అడిగినవాళ్ళకు నీళ్ళు లేవనడం నా జన్మలో అదే మొదలు. "ఇవి తాగేటియి కావు అవ్వా" అన్నాను. ఆమె మఫ్లరును, నన్ను మార్చి మార్చి చూసి, "నీళ్ళకు సుత గింత పైలం పట్టబడితిరా, ఏం కాలమొచ్చె" అని అవతలి సీటు వాళ్ళను అడిగి తాగింది. మౌలాలి దాకా నేను తలెత్తలేదు.

తొమ్మిది కావస్తుండగా సికింద్రాబాద్‌లో దిగాను. పద్మారావు నగర్ వెళ్ళేవాళ్ళు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం వైపు పోవద్దు. అటు పోతే చుట్టు తిరగాలి. పదో నంబరు వైపు బయటికి రండి. అక్కడ చాయ్ ఐదు రూపాయలు, రెండు బిస్కెట్లు ఇస్తారు. చాయ్ తాగి ఆటో అడిగితే ఖాజా భాయ్ అని ఒకాయన పాతిక రూపాయలకు వచ్చాడు. గల్లీ పేరు చెప్పి, నీళ్ళ పరీక్ష చూడటానికి వచ్చానన్నాను.

"అందరు నీళ్ళు చూడనీకి నాగార్జునసాగర్ పోతరమ్మా. మీరు నల్లా చూడనీకి గింత దూరం వచ్చిన్రా?"

"నల్లా ఉన్నకాడికే రావాలె కద భాయ్."

"సై. భారతక్క ఇస్త్రీ బండి కాడనే దింపుత. పరేషాన్ గాకున్రి. కాకపోతే ఆమె ముంగట ఉమ్మొద్దు, జుర్మానా ఏస్తది. నాకు పడింది."

పద్మారావు నగర్ దుకాణాలు అప్పుడే తెరుస్తున్నారు. బడి వేళ. ఒకే రంగు స్వెట్టర్లు వేసుకున్న పిల్లలు రోడ్డంతా పరుచుకుని నడుస్తున్నారు. ఆటో వాళ్ళ మధ్యనుంచి నీళ్ళలో పడవలా మెల్లగా పోయింది. నేను సీసా వైపే చూస్తూ కూర్చున్నాను. బడిగంట మోగి పిల్లలంతా ఒక గేటులోకి వెళ్ళిపోయాక రోడ్డు ఒక్కసారిగా ఖాళీ అయింది.

బస్తీ దిగుడులో ఉంది. పైన ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు ఊదుకుంటూ భారతక్క. నలభై ఐదేళ్ళుంటాయి, మనిషి పొట్టి, గొంతు పెద్ద. ఆమె పక్కన స్టూలు మీద మార్తమ్మగారు. ఆవిడ రిటైరైన నర్సు, ఉండేది మారేడ్‌పల్లిలో. భీమవరం వైపునుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా మాట మారలేదు. వారానికి రెండు రోజులు ఈ బస్తీకి వచ్చి సీసాల మందు సంగతి, పిల్లల బరువుల సంగతి ఆవిడే చూస్తారు.

"రామ్మా, కూర్చో. రైల్లో ఏమైనా తిన్నావా లేదా?" అన్నారు మార్తమ్మగారు.

"తినిపియ్యనీకే పుట్టిన్రు అమ్మగారు. ముందు పని చూడనియ్యున్రి" అంది భారతక్క.

"నువ్వు పని చేస్తావు, నేను అన్నం పెడతాను. ఎవరి పిచ్చి వాళ్ళది."

భారతక్క నన్ను తన గదిలోకి తీసుకుపోయి బియ్యం డబ్బా మూత తీసింది. బియ్యంలో వేలెడు సీసాలు పదకొండు, మెడ వరకు పాతి ఉన్నాయి. చలికి సీసాలు చల్లబడితే మందు పని చేయదట, అందుకని బియ్యంలో పెడతారు. ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పట్టింది. తొమ్మిది లేత చాయ్ రంగులో ఉన్నాయి. రెండు కాటుకలా ఉన్నాయి. "ఇవి కింది గల్లీయి. రేపు గల్లీల ఇద్దరం పోయి ఈ రెండు నీళ్ళాఫీసు లైన్‌మన్ సారు టేబుల్ మీద పెట్టి, ఏం మాట్లాడకుంట కూసుంటం. గంట సేపు వాటిని చూస్కుంట కూసుంటె సారుకే దూపైతది. నీళ్ళు తాగబుద్ధి గాదు. లేసి పైపు చూడనీకొస్తడు" అని నవ్వింది. కొట్లాడితే అర్జీ పేపరు అడుగుతారట, నల్ల సీసా పెడితే ఏమీ అడగరట. కాలువల మీద బండలు వేయించింది కూడా అట్లాగే. బస్తీ మధ్యలో అందరూ వాడే లెట్రిన్లు నాలుగు ఉన్నాయి. వాటిని ఏ రోజు ఎవరు కడగాలో తలుపు మీద బొగ్గుతో రాసి ఉంది. ఆ వారం వంతు తప్పిన ఇంటి పేరు పక్కన చీపురు బొమ్మ వేసి ఉంది. అది భారతక్క ఇంటి పేరే. "నాకు నేనే ఏస్కున్న. లేకపోతె ఎవ్వలింటరు?" అంది.

పదకొండుకు నీళ్ళు వచ్చే వేళయింది. నల్లా చుట్టూ బిందెలు, బకెట్లు, పది పన్నెండు మంది ఆడవాళ్ళు. మాటలు ఆగిపోయాయి. నల్లా ముందు ఊపిరి పీల్చినట్టు ఒక చప్పుడు చేసింది. తర్వాత దగ్గింది. ఆ చప్పుడుకు నాకు మా ఇల్లు, మా గుమ్మం, బిందె పట్టుకుని గెంతుతూ వచ్చే పిల్ల, అంతా ఒక్క క్షణం అక్కడే ఉన్నట్టయింది. నీళ్ళు రాగానే అందరికంటే ముందు భారతక్క చిన్న సీసా పెట్టింది, గీత వరకు నింపి మూత పెట్టేసింది.

"మొదటి నీళ్ళా అక్కా? మేం మొదటి బకెట్ పారబోస్తం. వాసనొస్తది."

"అందుకే పట్టాలె. వాసనొచ్చేటియే పట్టాలె. పైపు ఖాళీగున్నప్పుడు పక్క మురికి గుంజుకుంటది. అది మొదటి నీళ్ళల్లనే తెలుస్తది. ఏది, మీ నీళ్ళు తే."

నేను మఫ్లరు విప్పి సీసా ఇచ్చాను. ఆమె వెలుతురుకు పట్టి చూసింది. నీళ్ళు మెరుస్తున్నాయి.

"ఏ నీళ్ళు తెచ్చినవ్ చెల్లె?"

"మంచినీళ్ళే అక్కా. సీసా సబ్బుతోని కడిగిన. నీళ్ళు మంచిగ కాగబెట్టి, సల్లార్చి, గుడ్డల వడగట్టి తెచ్చిన. పరాయి ఊరికి ఎట్లబడితె అట్ల తేలేం గద."

నల్లా నీళ్ళు బిందెలో పడుతున్నాయి. తర్వాత వెనక నిలబడ్డ ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె నవ్వేసింది. అది వెక్కిరింత నవ్వు కాదని నాకు వెంటనే తెలిసింది. భారతక్క నా భుజం మీద చెయ్యి వేసింది.

"మేం సుత గిదే చేసినం చెల్లె. షురూల మూణ్ణెల్లు. సీసా పట్టుకోని ఇంటింటికి పోయి నీళ్ళియ్యున్రి అంటె, ప్రతి ఇంట్ల చుట్టాలకు ఇచ్చే నీళ్ళు ఇచ్చిన్రు. కాగబెట్టినయి, కొత్త కుండలయి. మురికి నీళ్ళు చేతికిస్తె ఇజ్జత్ పోతదని. ఒక్క సీసా నల్లగ కాలె. మస్తు సంబరపడ్డం. పిల్లలకు మాత్రం విరేచనాలు తగ్గకపాయె."

"దాంతో ఒక రూలు పెట్టాం" అన్నారు మార్తమ్మగారు. "సీసా చేతిలో ఉన్నవాళ్ళకి మర్యాద చెయ్యకూడదు. వాళ్ళు గుమ్మం ఎక్కకూడదు. నల్లా దగ్గరే నిలబడి వాళ్ళ చేత్తో వాళ్ళే పట్టుకోవాలి."

అప్పుడు నాకు ఆ రోజు కనపడింది. గుర్తుకు రావడం కాదు, కనపడింది. మా గుమ్మంలో సీసా పట్టుకుని, పరీక్షకు వచ్చిన ఆయన. "నీళ్ళు కావాలమ్మా" అన్నాడు. శిరీషకు దగ్గుగా ఉందని ఆ పొద్దున దానికోసం నీళ్ళు కాచి చెంబులో పోసి ఉంచాను. లోపలినుంచి "బిడ్డా, సారుకు మంచి నీళ్ళియ్యి" అని కేకేసింది నేనే. అది తన చెంబే తీసుకుని, పెద్దవాళ్ళకు ఎట్లా ఇవ్వాలో నేను నేర్పినట్టే, రెండు చేతులతో ఇచ్చింది. ఆయన సీసా నింపుకుని దాని తల నిమిరి వెళ్ళాడు. నీళ్ళు మంచివేనని కాగితం వచ్చింది. మంచివే అన్నారు కదా అని నేను కాచడం మానేశాను. ఆ తర్వాత పది రోజులకు జబ్బు పడింది.

ఇదంతా వాళ్ళకు చెప్పానో, లోపలే అనుకున్నానో నాకు తెలియదు. చెప్పే ఉంటాను, ఎందుకంటే బిందెలు నింపుకునే వాళ్ళు నింపుకోవడం మానేసి నా చుట్టూ కూర్చున్నారు. నీళ్ళు వృథాగా పోతున్నాయని ఎవరో నల్లా కట్టేశారు.

"నా చేతులతోని నేనే" అన్నాను.

భారతక్క నా చేతులు రెండూ పట్టుకుంది. తర్వాత, "మా గల్లీల నలభై ఇండ్లు ఇచ్చినయ్. నలభై మందిమి తప్పు చేసినమా? నీళ్ళు అడిగితే మంచియే ఇయ్యాలని గద మన అమ్మలు నేర్పింది. ఏ నీళ్ళు గావాలెనో అడిగెటోడు చెప్పాలె. నల్లా కాడికి ఆయన పోవాలె" అంది.

మార్తమ్మగారు నా సీసా మూత తీశారు. ఆవిడ ఒక గుక్క తాగారు. "పరీక్షకి పనికిరావు, తాగడానికి పనికొస్తాయి. ఇంత దూరం మోసుకొచ్చిన నీళ్ళు పారబోస్తామా" అని పక్కామెకు ఇచ్చారు. సీసా చేతులు మారుతూ పోయింది. ఎవరూ అంచు తగలనీయకుండా, ఎత్తి, ఒక్కో గుక్క. మా ఇంటి నీళ్ళు ఆ గల్లీ ఆడవాళ్ళంతా తాగారు. చివరిది నాకు వచ్చింది. చల్లగా ఉన్నాయి. మఫ్లరు వాసన వచ్చింది.

మధ్యాహ్నం భారతక్క ఇంట్లోనే అన్నం, టమాట పప్పు, చింతకాయ తొక్కు. డబ్బులిస్తానంటే తిట్టింది. బయలుదేరేటప్పుడు మార్తమ్మగారు మందు వేసిన ఖాళీ సీసాలు ఆరు దూదిలో చుట్టి ఇచ్చారు. లోపలి మందును ముట్టుకోకూడదని, నల్లబడిన నీళ్ళను బ్లీచింగ్ పొడి కలిపాకే పారబోయాలని రెండుసార్లు నాచేత చెప్పించుకున్నారు. నాలుగున్నర ప్యాసింజరు దొరికింది. కిటికీలోంచి ఎండ పసుపు నీళ్ళలా ఒళ్ళో పడుతోంది. ఒళ్ళో మఫ్లరు తేలిగ్గా ఉంది. బీబీనగర్‌లో పల్లీల అవ్వ కోసం చూశాను. కనపడలేదు.

రెండో రోజు మా ఊళ్ళో నీళ్ళు వచ్చాయి. మొదటి నీళ్ళు, వాసన వచ్చే నీళ్ళే, నేను నల్లా దగ్గర నిలబడి పట్టాను. శిరీష బడి స్వెట్టర్లో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాను. అత్తమ్మ చూసి ఏమిటని అడగలేదు, నల్లబడితే నీళ్ళలో మురికి ఉన్నట్టని నేనే చెప్పాను. మర్నాడు పొద్దున తీస్తే నల్లగా ఉంది. ఏడుపు రాలేదు. దాన్ని తీసుకెళ్ళి పొయ్యి దగ్గర అత్తమ్మ ముందు పెట్టి, ఏం మాట్లాడకుండా కూర్చున్నాను. భారతక్క చెప్పినట్టే. అత్తమ్మ చాలాసేపు చూసింది. తర్వాత లేచి, చాయ్ గిన్నె దించి, పెద్ద గిన్నెతో తాగే నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. అవి మరిగేదాకా మేమిద్దరం అక్కడే కూర్చున్నాం. "ఐసు ఏ రంగుది కొనిచ్చినవ్?" అని అడిగింది. ఆరెంజి అన్నాను. "దానికి ఇష్టం గద" అంది.

అదే సీసా మా ఆయన పంచాయతీ ఆఫీసుకు తీసుకుపోయాడు. నేను, ఇంకో నలుగురు ఆడవాళ్ళం వెంట వెళ్ళాం. అట్లా మూడు సీసాలు పెట్టాక పైపును కాలువలోంచి ఎత్తి రోడ్డు వైపు మార్చారు. ఇప్పుడు మిగిలిన మూడు సీసాలు నా మిషన్ పెట్టెలో, దారపు కండెల పక్కన ఉన్నాయి. ఐసుబండి గంటకు ఇంకా ఆగుతాను. కానీ ఆ ఆగడం వేరు. శిరీష రెండు చేతులతో చెంబు ఇచ్చిన రోజు కళ్ళ ముందుకు వస్తే మొదట్లో కళ్ళు మూసుకునేదాన్ని. ఇప్పుడు చూస్తున్నాను. అది తప్పు చేయలేదు. దాని దగ్గర ఉన్నవాటిలో మంచివి ఇచ్చింది. నీళ్ళ చప్పుడు విన్నప్పుడల్లా అది ఎక్కడో గుమ్మంలో నిలబడి ఎవరికో చెంబు అందిస్తున్నట్టే ఉంటుంది నాకు. ఉండనీ.

పోవాలనుకునే వాళ్ళకు ఒకటే చెబుతాను. మీ నీళ్ళు పట్టుకుపోయేటప్పుడు కాచవద్దు, వడగట్టవద్దు. మొదటి నీళ్ళే పట్టండి, సిగ్గుపడకండి. మీ ఇంటికే ఎవరైనా సీసాతో వస్తే నల్లా చూపించి పక్కకు జరగండి. వాళ్ళు సీసా నింపుకుని మూత పెట్టాక అప్పుడు లోపలికి పిలిచి, కాచి చల్లార్చిన మంచినీళ్ళు తాగడానికి ఇవ్వండి. పిల్లల చేత ఇప్పించండి, రెండు చేతులతో.